మౌనసీమకు అవతల

లోకనాథం మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేసరికి వంటింట్లో మిక్సీ ఖాళీగా తిరుగుతోంది. గ్రైండరు తిరుగుతోంది. వాషింగ్ మెషీన్ బట్టలు లేకుండానే ఊగిపోతోంది. కుళాయిలన్నీ విప్పి ఉన్నాయి. కస్తూరి నేలమీద కూర్చుని, స్టీలు కంచాల దొంతిలోంచి ఒక్కొక్కటే తీసి తలకంటే ఎత్తుగా లేపి గచ్చుమీదకు వదులుతోంది. కంచం పడి, గిర్రున తిరిగి, ఆగుతోంది. అతనికి ఏ చప్పుడూ వినిపించలేదు. ఆమెకూ వినిపించడం లేదని అతనికి తెలుసు.

"కస్తూరీ!" అన్నాడు.

ఆ పిలుపు మాత్రం ఆమెకు చెవి పక్కనే అన్నంత స్పష్టంగా వినబడింది.

"ఒక్కటైనా వినబడతాదేమోనని," అంది తల ఎత్తకుండా. "ఒక్క కంచం. ఒక్కసారి ఖంగుమంటే చాలు."

ఇంకో కంచం వదిలింది.

విశాఖపట్నంలో చప్పుడు లేక రెండు తరాలైంది. ప్రతి మనిషికీ చెవి నరం మొదట్లో మినపగింజంత పరికరం అమరుస్తారు. దాని పేరు శ్రవణి. వీధివీధినా పాతిన మౌనస్తంభాల నుంచి దానికి ఆజ్ఞలు అందుతాయి. మనల్ని ఉద్దేశించి ఎవరైనా అన్న మాట, మనం కోరి పెట్టుకున్న పాట, ప్రమాద హెచ్చరిక, ఈ మూడింటినే శ్రవణి లోపలికి రానిస్తుంది. తక్కినదంతా అర్థంలేని శబ్దం కింద లెక్కగట్టి నరం దగ్గరే ఆపేస్తుంది. అందుకే పోర్టు రోడ్డు పక్క ఇళ్లలో పసిపిల్లలు పట్టపగలు హాయిగా నిద్రపోతారు. గుండెపోట్లు తగ్గాయి. రైల్వే స్టేషన్లో వెయ్యిమంది ఒకేసారి మాట్లాడుతున్నా ఎవరి మాట వాళ్లకే. బీచి రోడ్డులో అలలు తెల్లగా లేచి, పత్తి మూటలు జారినట్టు ఒడ్డున పడతాయి.

ఇప్పుడు పుట్టిన నెలలోనే అమరుస్తున్నారు గానీ, లోకనాథానికి అప్పటి పద్ధతిలో మూడో ఏట శ్రవణి అమర్చారు. అడ్డూ ఆపూ లేని శబ్దం ఎలా ఉంటుందో అతనికి జ్ఞాపకం లేదు. మౌనస్తంభాలను ఎక్కడ పాతాలో కొలిచి గుర్తులు పెట్టే సర్వేయరుగా మౌనమండలిలో పనిచేస్తాడు. ఆ పనంటే అతనికి గౌరవం. కస్తూరిది సాలూరు. మౌనస్తంభాలు పాతిన మౌనసీమకు అది అప్పట్లో చాలా దూరం, ఇప్పుడు దానిలో కలిసిపోయింది. తండ్రి లారీ బాడీలు కట్టే షెడ్డు నడిపేవాడు. సుత్తుల మోతలో పుట్టి, ఆ మోతలోనే చదువుకుని, కాలేజీకి విశాఖ వచ్చాక శ్రవణి పెట్టించుకుంది. మొదటి వారం తనెక్కడో నీళ్లలో మునిగిపోయినట్టు ఉండేదని నవ్వుతూ చెప్పేది. తర్వాత అలవాటైంది. చదువయ్యాక అదే కాలేజీలో వృక్షశాస్త్రం పాఠాలు చెప్పేది.

వానాకాలంలో వచ్చిన జ్వరం తగ్గిన మర్నాడు ఆమె ఎడమ చెవిలో రొద మొదలైంది. కుక్కరు కూతకు రాబోయే ముందు వచ్చే సన్నటి సీత్కారం లాంటిది. మొదట సన్నగానే ఉంది. కానీ దాన్ని కప్పడానికి ఆ ఊళ్లో ఇంకో శబ్దమే లేదు. రోజులు గడిచేకొద్దీ తలంతా అదే అయింది. పాటలు పెట్టుకుని చూసింది. పగలు కాస్త నయంగా ఉండేది. పడుకున్నప్పుడు పాట నిద్ర పట్టనివ్వదు, పాట ఆపితే రొద పట్టనివ్వదు. ఆమె బరువు తగ్గింది. తరగతిలో ఒక పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, చెవి మూసుకుని బయటికి వచ్చేసింది. ఆ రోజు నుంచి మళ్లీ కాలేజీకి వెళ్లలేదు.

లోకనాథం మిక్సీ ఆపాడు. కుళాయిలు కట్టేశాడు. ఆమె పక్కన కూర్చుని కంచాలు దగ్గరికి తీశాడు.

"అన్నం తిన్నావా?"

"మీరు నన్ను ఎక్కడికైనా తీసుకుపోండి," అంది కస్తూరి. "ఎక్కడికో నాకు తెలీదు. ఇది లేని చోటుకి."

మరుసటి వారం ఆమెను చెవి వైద్యురాలు డాక్టర్ మెహరున్నీసా దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ పెద్దావిడ. తెల్లజుట్టు నున్నగా దువ్వి వెనక్కి ముడి వేసుకుంది. పరీక్షలన్నీ అయ్యాక మొహం చాటేయకుండా ఉన్నదున్నట్టు చెప్పింది.

"జ్వరంలో చెవి లోపలి కణాలు కొన్ని చచ్చిపోయాయమ్మా. అక్కడి నుంచి కబురు రాకపోతే మెదడు ఊరుకోదు, తనే ఒక మోత పుట్టించుకుంటుంది. శ్రవణి బయటి నుంచి వచ్చేదాన్ని ఆపగలదు. ఇది లోపల పుట్టింది."

"మందు?"

"ఈ జబ్బు ఎప్పుడూ ఉంది. మా అమ్మమ్మ కాలంలో డాక్టర్లు ఫ్యాను వేసుకోమనేవారట, కిటికీ తీసి పెట్టుకోమనేవారట. వాన చప్పుడు, వీధి చప్పుడు వింటూ ఉంటే మెదడు నెమ్మదిగా దీన్ని పట్టించుకోవడం మానేసేది. చాలామంది అలాగే బతికారు." ఆవిడ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. "ఇప్పుడు నీకు ఫ్యాను చప్పుడు ఎక్కడి నుంచి తెచ్చివ్వను? శ్రవణి దాన్ని రానివ్వదు. రికార్డు చేసి పాటలా పెట్టినా అర్థంలేని శబ్దమని పోల్చుకుని ఆపేస్తుంది."

"శ్రవణి తీసేయండి, మేడమ్."

"అది నరంలో కలిసిపోయి ఉంటుంది. తీస్తే నరం తెగుతుంది. ఆపైన నీకు ఏ శబ్దమూ వినిపించదు. ఈ రొద ఒక్కటే మిగులుతుంది."

కస్తూరి ఇంటికి వచ్చేదాకా కారు అద్దానికి నుదురు ఆనించి కూర్చుంది.

మనిషి మనిషికీ విడిగా శ్రవణి ఆపే వీలుంటుందేమోనని లోకనాథం తన అధికారిణి వసుంధరాదేవిని అడిగాడు. ఆవిడ అతన్ని కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించింది.

"మొదట్లో ఆ వీలు ఉండేది, లోకనాథం గారూ. కొందరు ఆపేసుకుని రోడ్డెక్కారు. మన బళ్లు హారన్ కొట్టవు, హెచ్చరిక చెవిలోనే పడాలి. ఎంతమంది చనిపోయారో మీకు తెలీదు. అందుకే పరికరంలోంచే ఆ వీలు తీసేశారు. స్తంభం ఆజ్ఞ ఇస్తే వార్డంతటికీ ఇస్తుంది, లేకపోతే ఎవరికీ లేదు. మీ ఆవిడ ఒక్కరి కోసం వార్డంతా ఆపమంటారా?"

అతను మంచినీళ్ల గ్లాసు బల్లమీద పెట్టి లేచి వచ్చేశాడు.

ఆ ఆదివారం ఉదయం అతను స్నానం చేసి వచ్చేసరికి కస్తూరి అద్దం ముందు నిలబడి ఉంది. చేతిలో తల పిన్ను ఉంది. దాని కొన చెవిలో ఉంది. అతను ఒక్క అంగలో వెళ్లి మణికట్టు పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోబోయింది. ఇద్దరూ పెనుగులాడి, మంచం అంచుకు తగిలి కింద పడ్డారు. ఆమె చెవి తమ్మె గీరుకుని నెత్తురు వచ్చింది.

"తలుపు తియ్యాలండీ దీనికి," అంది ఆమె రొప్పుతూ. "లోపల ఉండిపోనాది. తలుపు తీస్తే పోతాది. మీకేటి తెలుస్తాది? మీరు హాయిగా నిద్దరోతారు."

అతను పిన్ను కిటికీలోంచి పారేశాడు. చొక్కా తొడుక్కున్నాడు. ఆమెను చెయ్యి పట్టుకుని కారెక్కించాడు. అప్పుడతనికి ఒకటే తోచింది. మౌనస్తంభాలు ఎక్కడ ఆగిపోతాయో ఈ ఊళ్లో తనకంటే బాగా తెలిసినవాడు లేడు.

భీమిలి దగ్గర గోస్తనీ వంతెన దిగిన చోట ఆఖరి స్తంభం ఉంది. అది దాటితే ఆజ్ఞలు అందక శ్రవణి నిద్రపోతుంది. లోకనాథం ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ స్తంభాన్ని ఎన్నోసార్లు ఇటు వైపు నుంచి చూశాడు, అటు వైపు ఒక్కసారీ పోలేదు.

కారు స్తంభం దాటింది.

మొట్టమొదట తన కారే అతనికి వినిపించింది. దానికి ఒక గొంతు ఉందని అతనికి తెలియదు. తర్వాత గాలి. ఆ వెనకాల సముద్రం విరుచుకుపడింది. తలకు రెండు వైపులా ఎవరో చెక్కతో బాదినట్టయింది. అతను ఎలాగో బ్రేకు నొక్కి, తలుపు తీసి, ఇసుకలో మోకాళ్లమీద పడి వాంతి చేసుకున్నాడు. ఒక కాకి అరిచింది. ఆ అరుపు సూదిలా లోపలికి దిగింది.

తల ఎత్తి చూసేసరికి కస్తూరి నీళ్ల వైపు నడుస్తోంది. అలలు మోకాళ్లకు తగిలే చోట ఆగింది. కాసేపు అలాగే నిలబడింది. వెనక్కి వచ్చి, తడి ఇసుకకు కాస్త ఎగువన, చీర చెంగు తలకింద పెట్టుకుని పడుకుంది. అతను దగ్గరికి పాకుతూ వెళ్లేలోపే నిద్రపోయింది. ఎండ మొహం మీద పడుతున్నా కదల్లేదు.

అక్కడ పడవల నీడల్లో ఇంకా కొందరు పడుకుని ఉన్నారు. ప్యాంటూ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన, నర్సు యూనిఫాంలో ఒక అమ్మాయి, ఇంకా ముగ్గురో నలుగురో. అందరూ పట్టపగలు గాఢంగా నిద్రపోతున్నారు. వల బాగుచేసుకుంటున్న ఒక ముసలావిడ లేచి వచ్చి కస్తూరి మొహానికి నీడ పడేలా ఒక తాటాకు తడిక నిలబెట్టింది. ఆమె పేరు ముత్యాలమ్మ.

"ఈవిడకీ సెవిలో కూతేనా బాబూ?" అంది. "ఇలాటోళ్లు మాకు కొత్తేటి కాదు. పట్నం నుంచి వొస్తారు, పడుకుంటారు. నిద్దరోనియ్యి. నువ్వెల్లి ఆ వంతెన అవతల కూకో. నీ మొకం సూడలేకపోతన్నాను."

అతను రెండు చెవులూ అరచేతులతో అదిమిపట్టుకుని వంతెన వైపు నడిచాడు. స్తంభం ఇవతలికి రాగానే అంతా ఆగిపోయింది. అక్కడ కూర్చుని, చప్పుడు లేని అలల పక్కన నిద్రపోతున్న భార్యను పొద్దువాలేదాకా చూశాడు.

కస్తూరి ఇంటికి తిరిగి రాలేదు. ముత్యాలమ్మ ఇంటి వసారాలో ఒక మూల ఉండిపోయింది. రొద పోలేదు. అలల మోతలో అది సన్నబడుతుంది. ఒక్కోసారి కొంతసేపు అది ఉందన్న సంగతే మరిచిపోతుంది. ఆమె మళ్లీ అన్నం తినసాగింది. ఊళ్లో పిల్లలకు చదువు చెప్పసాగింది.

లోకనాథం ప్రతి సెలవు రోజూ వచ్చేవాడు. వంతెన మీద కలుసుకునేవారు. ఒకసారి ఆమె స్తంభం ఇవతలికి వచ్చి, మాట్లాడుతున్నంతసేపూ పళ్లు బిగబట్టుకుని రొద భరించేది. మరోసారి అతను అవతలికి వెళ్లి, చెవుల్లో దూది కుక్కుకుని, చెమటలు కక్కుతూ, ఆమె మాటలు సగం విని సగం వినక కూర్చునేవాడు. అలవాటవుతుందని అతను ఆశపడ్డాడు. అలవాటు కాలేదు. డాక్టర్ మెహరున్నీసా అతని చెవులు కూడా చూసింది. పసితనం నుంచి శబ్దం ఎరగని చెవులు, ఇప్పుడిక నేర్చుకోలేవు అంది.

"ఇవాళ నా వంతు కదా," అంది కస్తూరి ఒక ఆదివారం, తనే స్తంభం ఇవతలికి వస్తూ. "ఏటయ్యింది? మొహం అలాగున్నాది?"

అతను స్తంభం మీద చెయ్యి వేశాడు.

"స్తంభాలు ముందుకు వేస్తున్నారు. ముక్కాం దాకా. ఆ ఊళ్లవాళ్లందరికీ శ్రవణి పెడతారు. ఆ తర్వాత సముద్రం ఒడ్డు చింతపల్లి. వచ్చే ఏడాదికి శ్రీకాకుళం. ఒడిశా వైపు నుంచి వాళ్లూ వేసుకుంటూ వస్తున్నారు, రెండూ కలుస్తాయి. సర్వే నాకే ఇచ్చారు."

ఆమె వెనక్కి తిరిగి పడవల వైపు చూసింది.

"ఇక్కడ పడుకునేవాళ్ల సంగతి చెప్పలేదా మీరు?"

"చెప్పాను. వసుంధరాదేవి గారు శ్రద్ధగానే విన్నారు. వాళ్లెంతమంది అన్నారు. ముక్కాం వాళ్లే మౌనం కావాలని అర్జీ పెట్టుకున్నారు, కస్తూరీ. వాళ్ల ఊళ్లోంచి ఆ పెద్ద రోడ్డు పడ్డాక నిద్రల్లేవట. వాళ్లకు నేను ఏమని చెప్పను?"

"ముత్యాలమ్మ కోడలు కూడా సంతకం ఎట్టింది," అంది ఆమె. "పురిటిబిడ్డ ఉలిక్కిపడతన్నాదని. నన్ను అడిగే ఎట్టింది. నేనేటంటాను, ఎట్టమన్నాను."

"నేను ఈ పని చెయ్యనంటాను."

"మీరు కాకపోతే ఇంకొకరు చేస్తారు." ఆమె మాట తడబడింది. ఎడమ చెవి మూసుకుంది. మాట్లాడే ఓపిక అయిపోతోందని అతనికి అర్థమైంది. "మేం ఉత్తరానికి పోతాం. పోతూనే ఉంటాం. మీరు ఇంత దూరం రాలేరిక. వద్దు కూడా. నా మాట వినండి, ఇంకో మనిషిని చూసుకోండి. నాకేటీ బాధ లేదు."

"నోరుముయ్యి," అన్నాడు లోకనాథం. పెళ్లయ్యాక ఆమెను అతను అంత మాట అనడం అదే మొదలు. ఆమె అప్పటికే స్తంభం వైపు పరుగులాంటి నడకతో వెళ్లిపోతోంది.

అతను ఆ సాయంత్రమే డాక్టర్ మెహరున్నీసా ఇంటికి వెళ్లాడు. తన శ్రవణి తీసేయమన్నాడు. నరం తెగినా ఫర్వాలేదన్నాడు. చెవులు వినిపించకపోతే సముద్రం తనను ఏమీ చెయ్యదు, ఎంత దూరమైనా ఆమెతో ఉండగలడు. ఆవిడ అతన్ని అరగంట సేపు వారించింది.

"మీరు మీ ఆవిడ గొంతు ఇక వినరు, బాబూ."

"ఇప్పుడు మాత్రం ఏం వింటున్నాను మేడమ్! వంతెన మీద సగం, వంతెన అవతల సగం."

"ఇంకొకటి ఉంది. చెవి నుంచి అసలే కబురు రాకపోతే మెదడు ఏం చేస్తుందో చెప్పలేం. కొందరికి ఏమీ కాదు."

"కొందరికి?"

"తీయించుకున్నవాళ్లే తక్కువ. నాకు తెలియదు. తెలియని సంగతి తెలిసినట్టు చెప్పలేను."

అతను సంతకం చేశాడు.

ముక్కాంలో కొత్త స్తంభాలు పనిలోకి దిగిన రోజున నిద్రపోయేవాళ్లంతా చాపలు చుట్టుకుని ఉత్తరానికి నడిచారు. ముత్యాలమ్మ కూడా వచ్చింది. అలల చప్పుడు లేకపోతే తనకు తోచదని, కోడలి మీద కోపమేమీ లేదని చెప్పింది. చింతపల్లి దీపస్తంభం దాటాక, సరుగుడు తోటల పక్కన ఆగారు. చెవుల వెనక కట్లతో, చేతిలో ఒక సంచితో లోకనాథం వాళ్లను వెతుక్కుంటూ అక్కడికి వచ్చాడు.

కస్తూరి అతన్ని చూసి, కట్లు చూసి, ఇసుకలో కూలబడింది. అతని ఛాతీ మీద పిడికిళ్లతో కొట్టింది. ఆమె ఏమని తిడుతోందో అతనికి వినిపించలేదు. పెదవుల కదలికలో తన పేరు మాత్రం పోల్చుకున్నాడు. ఆమె మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం అతను ఎప్పుడూ వినలేదు. ఇప్పుడూ వినలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు బాగానే గడిచాయి. వాళ్లు ఒకే చాపమీద పడుకున్నారు. ఆమె అతని అరచేతిలో వేలితో అక్షరాలు రాసేది. అతను పెద్ద గొంతుతో జవాబు చెబితే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవారు. అంత మోత మధ్య అతను ప్రశాంతంగా కూర్చుని వలలు అల్లడం నేర్చుకున్నాడు. కస్తూరికి ఒక రోజు పొద్దున్నే మెలకువ వచ్చి, పక్కన అతను ఉండటం చూసి, మళ్లీ కళ్లు మూసుకుంది. రొద ఉందో లేదో చూసుకోవడం ఆ పూట మరిచిపోయింది.

ఆ మధ్యాహ్నం లోకనాథం వల అల్లుతూ అల్లుతూ చెయ్యి ఆపాడు. తల ఒక పక్కకు వంచాడు. సరుగుడు చెట్ల వైపు చూశాడు.

"ఎవరో ఈల వేస్తున్నారు," అన్నాడు.

కస్తూరి అన్నం వారుస్తోంది. చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. తోటలో ఎవరూ లేరు. ఎవరూ ఈల వెయ్యడం లేదు. వేసినా అతనికి వినపడదు.

"వినిపించడం లేదూ మీకెవరికీ?" అన్నాడతను గట్టిగా. మొహంలో కాస్త సంతోషం కూడా ఉంది. "సన్నగా ఉంది. ఆగడం లేదు. నాకు వినిపిస్తోంది, కస్తూరీ!"

పడవల నీడల్లో పడుకున్నవాళ్లు లేచి కూర్చున్నారు. ముత్యాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అతను ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ వచ్చి, చివరికి భార్య మొహం దగ్గర ఆగాడు. అప్పుడతనికి తెలిసింది. వల చేతిలోంచి జారిపోయింది.

"ఇదేనా?" అన్నాడు. "నీది ఇదేనా?"

ఆమె తల ఊపింది.

అతను రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. తీశాడు. మళ్లీ మూసుకున్నాడు. సముద్రం వైపు చూశాడు. అంత పెద్ద సముద్రం ఎదురుగా విరిగిపడుతోంది, దానిలోంచి ఒక్క చుక్క చప్పుడైనా అతని దాకా రావడానికి దారి లేదు.

"ఎప్పుడు పోతాది?" అని అడిగాడు. ఆమె ఊరి మాట అతని నోట్లోంచి రావడం అదే మొదటిసారి. "కస్తూరీ, ఎప్పుడు పోతాది ఇది?"

ఆ ప్రశ్న ఆమె ఎందరినో అడిగింది. దానికి ఏ జవాబులు మనిషిని ఇంకా లోతుకు తోస్తాయో ఆమెకు తెలుసు. గిన్నె పక్కన పెట్టి, పొయ్యి కింద మంట లాగేసి, అతని రెండు చేతులూ పట్టుకుని లేవదీసింది. తడి ఇసుక మీదికి నడిపించింది. చల్లటి నీళ్లు పాదాలకు తగిలేలా, గాలి మొహానికి కొట్టేలా, అతని కాళ్లు అలిసి ఆ అలుపే అన్నిటికంటే పెద్దదయ్యేదాకా నడిపించాలని. అతను ప్రతి కాసేపటికీ అదే ప్రశ్న అడుగుతున్నాడు. ఆమె ప్రతిసారీ అతని చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుని ముందుకు లాగుతోంది.